మిణుకుమంటూ అబద్ధాలాడే కేబుల్‌కు ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ యూఎస్‌బీ-మిడి కేబుల్ గారి దివ్య సముఖానికి,

ఉభయకుశలోపరి. అలవాటు కొద్దీ రాశాను గానీ, ఉభయుల్లో ఒకరి కుశలం ఇంకొకరికి చేరకపోవడం వల్లనే ఈ ఉత్తరం రాయాల్సి వచ్చింది. ఒక చివర నా కంప్యూటర్. రెండో చివర 1983లో పుట్టిన యమహా డీఎక్స్7 సింథ్, అంటే శబ్దాలను ఎలక్ట్రానిక్‌గా పుట్టించే కీబోర్డు. నడుమ, వాద్యాలూ కంప్యూటర్లూ మాట్లాడుకునే మిడి భాషను మోయాల్సిన తమరు.

నేనడిగింది పెద్ద కోరికేం కాదు. సింథ్‌లో బ్యాటరీ మార్చాను. అందులోని మెమరీ ఆ బ్యాటరీ దయ మీదే బతుకుతుంది కాబట్టి, పాతది ఊడదీయగానే లోపలున్న 32 టోన్లూ, అంటే దాచుకున్న శబ్దాలన్నీ, తుడిచిపెట్టుకుపోయాయి. పోతే పోయాయి, కంప్యూటర్‌లో కాపీ ఉందిగా, పంపించేస్తే సరి అనుకున్నాను. అయిదు నిమిషాల్లో వస్తానని ఇంట్లో చెప్పి మరీ కూర్చున్నాను.

ముందు మీ రెండు కొనల సంగతి. ఒకదాని మీద ‘ఇన్’, ఇంకోదాని మీద ‘అవుట్’. ఎవరి ఇన్ అండీ? తమరిదా, సింథ్‌దా? మీ వాళ్ళలో కొందరి ‘ఇన్’ సింథ్ అవుట్‌లో పెట్టాలి, ఇంకొందరిది ఇన్‌లోనే పెట్టాలి. సింథ్ వెనక్కి తల దూర్చి, పళ్ళ మధ్య టార్చ్ కరిచిపట్టుకుని, ప్లగ్గును గుండ్రంగా తిప్పుతూ ఏ గాడిలో కూర్చుంటుందా అని తడుముకున్నాను. దానికి అయిదు పిన్నులు. మిడికి కావలసినవి మూడే: రెండు సిగ్నల్‌కి, ఒకటి షీల్డుకి. మిగతా రెండూ ఊరికే నిలబడి ఉంటాయి. తమరికి ఎవరి పోలికలు వచ్చాయో అప్పుడే గ్రహించాల్సింది.

ఇక మీ లైట్లు. అబ్బ, ఏం లైట్లు! ఒక్క కీ కూడా నొక్కకముందే ఒకటి మిణుకుమిణుకుమంటోంది. ఆహా, అప్పుడే మాటలు కలిశాయని మురిసిపోయాను. తీరా చూస్తే అది యాక్టివ్ సెన్సింగ్ అనే ఒంటి బైటు. ‘ఉన్నాను, ఉన్నాను’ అని డీఎక్స్7 పూట పొడుగునా పంపుతూనే ఉంటుంది. అంతకు మించి ఆ బైటుకి అర్థం లేదు. అంటే ఆ పెద్దాయన ఊపిరి తీసినప్పుడల్లా మీరు తల ఊపుతున్నారన్నమాట.

సరే, 32 టోన్ల మూట, అదే బ్యాంకు, పంపాను. మీ రెండో లైటు గబగబా కొట్టుకుంది. సాఫ్ట్‌వేర్ ‘పంపడమైనది’ అంది. సింథ్ స్క్రీన్ మీద ఒక్క అక్షరం మారలేదు. మిడిలో ఒక్కో తీగ ఒక్క వైపే నడుస్తుంది. ఇలా బ్యాంకు పంపినప్పుడు ‘అందింది’ అని వెనక్కి చెప్పే ఏర్పాటు లేదు. పోస్టు డబ్బాలో పడేసి రావడమే మన వంతు. కాబట్టి పంపినవాడిదీ తప్పు కాదు, అందనివాడిదీ తప్పు కాదు. మధ్యవాడి మీద అనుమానం రాకుండా లైటు వెలుగుతూనే ఉంది!

అనుమానమంతా పాపం పెద్దాయన మీదకే వెళ్ళింది. వయసైపోయింది, చెవులు పనిచేయడం లేదనుకున్నాను. ఛానల్ ఒకటికి పెట్టాను. సిస్‌ఎక్స్ సందేశాలు, అంటే టోన్ల వంటి కంపెనీ సొంత డేటా మోసేవి, వినమని ‘సిస్ ఇన్ఫో అవైల్’ ఆన్ చేశాను. లోపలి మెమరీకి ఉన్న తాళం, అదే మెమరీ ప్రొటెక్ట్, తీశాను. మళ్ళీ వేసి మళ్ళీ తీశాను, తీయడంలోనే ఏదైనా లోపముందేమోనని. మూడు రాత్రులు ఇదే తంతు. మూడో రాత్రి విసుగొచ్చి, బ్యాంకు మానేసి ఒకే ఒక్క టోన్ పంపాను. టక్కున దిగింది! కీ నొక్కితే గంట మోగినట్టు ఆ పాత మెటల్ శబ్దం.

ఒక్కటి వెళ్తుంది, ముప్ఫై రెండూ కలిపితే వెళ్ళవు. ఒక్క టోన్ అంటే 163 బైట్లు. బ్యాంకు అంటే 4,104. చెవిటివాడైతే రెండూ వినకూడదు కదా?

అప్పుడు తమరి రెండు కొనల్నీ చిన్న జాయింటుతో ఒకదానికొకటి తగిలించాను. సింథ్‌ని పూర్తిగా పక్కన పెట్టేశాను. ఇక మీకు మీరే సాక్షి. ఇటు నుంచి 4,104 బైట్లు పంపి, అటు నుంచి ఎన్ని తిరిగొస్తాయో లెక్కపెట్టాను. సగానికి కాస్త ఎక్కువ వచ్చాయి. మొదట ఎఫ్‌0 ఉంది, యమహా గుర్తు 43 ఉంది, ఆఖర్న ఎఫ్‌7 కూడా బుద్ధిగా ఉంది. సిస్‌ఎక్స్‌కి ఎఫ్‌0 అంటే ‘ఉభయకుశలోపరి’, ఎఫ్‌7 అంటే ‘ఇట్లు’. ఈ రెండూ చెక్కు చెదరకుండా చేర్చి, నడుమ ఉత్తరం మింగేశారు మహానుభావా!

మీ ఇబ్బంది నాకు అర్థం కాకపోలేదు. మిడి నడక సెకనుకు 31,250 బిట్లు. స్టార్ట్, స్టాప్ బిట్లు కలుపుకుని బైటుకి 10 బిట్లు, అంటే సెకనుకు 3,125 బైట్లు. బ్యాంకు దిగడానికి సుమారు 1.3 సెకన్లు పడుతుంది. యూఎస్‌బీ వైపు నుంచి మాత్రం అదంతా ఒక్కసారిగా వచ్చి మీద పడుతుంది. మీ పొట్ట చిన్నది. నిండిపోతే ‘కాస్త ఆగు’ అని కంప్యూటర్‌తో అనొచ్చు, యూఎస్‌బీలో ఆ వీలుంది. కానీ అలా అంటే పరువు పోదూ? ఆగమనడం కన్నా పారబోయడమే తేలికనుకున్నారు. లైటు మాత్రం ఆర్పలేదు.

లైటంటే గుర్తొచ్చింది. పెద్దాయన మిడి ఇన్ వెనక ఆప్టోకప్లర్ అని ఒకటుంటుంది. అందులోనూ ఓ బుల్లి దీపం ఉంది. వచ్చిన కరెంటుకి అది వెలుగుతుంది, ఎదురుగా ఉన్న సెన్సర్ చూసి బైట్లు చదువుకుంటుంది. రెండు యంత్రాల మధ్య వెలుగు తప్ప తీగ కలవదు, అందుకే గుర్రుమనే హమ్ రాదు. నల్లటి చిప్పులో ఎవరికీ కనబడకుండా వెలుగుతుందది. బయటికి దాని మీద ఒక్క లేబుల్ కూడా లేదు.

1983 జనవరిలో నామ్ అనే సంగీత వాద్యాల వ్యాపార ప్రదర్శనలో ప్రాఫెట్-600ని, జూపిటర్-6ని ఒక తీగతో కలిపి చూపించారు. రెండూ పోటీ కంపెనీల సింథ్‌లు. అయినా ఒకదాని మాట ఇంకోదానికి అందింది. నడుమ లైట్లున్న పెద్దమనుషులెవరూ లేరు మరి.

నిన్న తెలిసినవాళ్ళ దగ్గర ఒక సరైన ఇంటర్‌ఫేస్ అడిగి తెచ్చాను. పంపాను. రెండు లెక్కపెట్టేలోగా 32 టోన్లూ సింథ్‌లోకి దిగిపోయాయి. పెద్దాయన చెవులు దివ్యంగా ఉన్నాయి. మూడు రాత్రులు తిట్టినందుకు ఆయనకి క్షమాపణ చెప్పుకుని, కీల మీద దుమ్ము కూడా తుడిచాను.

తమర్ని పారేయలేదు. నోట్లు ఒక్కొక్కటీ మూడేసి బైట్లు, అవి బాగానే మోస్తున్నారు కాబట్టి సొరుగులో ఉంచాను. ఈ ఉత్తరం మొత్తం ఒకేసారి పంపితే ఏమవుతుందో తెలుసు గనక, ముక్కలు చేసి, మధ్యమధ్య ఆగుతూ పంపుతున్నాను. పూర్తిగా అందితే, దయచేసి ఆ లైటు ఒక్కసారి ఆర్పండి.

ఇట్లు,
మీ మిణుకు నమ్మినవాడు