నడుస్తూ చెప్పిన మాట, కూర్చుని చెప్పిన మాట

గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒక సంస్థలో నేను ఏడేళ్లు పనిచేశాను. ఇల్లు విజయవాడ వన్‌టౌన్‌లో ఉండేది కాబట్టి రోజూ స్కూటరు మీద ప్రకాశం బ్యారేజీ దాటి, సీతానగరం, మంగళగిరి మీదుగా వెళ్లి వచ్చేవాణ్ణి. సంస్థ యజమానిని మేమందరం పెద్దాయన అనేవాళ్లం. పదేళ్ల తరువాత మన మిర్చి ఏ దేశంలో ఏ రూపంలో అమ్ముడవుతుందో ఆయనకు ఆనాడే కళ్లకు కట్టినట్టు కనిపించేది. మరునాటి లోడుకు లారీ దొరికిందా లేదా అన్నది మేము చూసుకోవలసిన సంగతి. అలాంటి దార్శనికుడి దగ్గర ఎలా పనిచేయాలో నేను అక్కడే, ఇతరులకు కొంత నష్టం కలిగించిన తరువాత, నేర్చుకున్నాను. విదేశంలో ఉంటున్న మన తెలుగు సంఘ సభ్యుల్లో ఇలాంటి యజమానుల కింద పనిచేస్తున్నవారూ, తామే అలాంటి యజమానులైనవారూ ఎందరో ఉన్నారు కనుక ఈ విషయం మీద నా అభిప్రాయాన్ని వివరంగా చెప్పాలనుకున్నాను.

నేను చేరిన రెండో ఏడాది పెద్దాయన ఐరోపాలో ఒక ఆహార ప్రదర్శనకు వెళ్లి వచ్చారు. వచ్చిన మరునాడు కోల్డ్ స్టోరేజీ వరండాలో అటూ ఇటూ నడుస్తూ, "మార్కెట్ యార్డులో దొరికిన సరుకు కొని పంపే రోజులు పోవాలయ్యా. ఏ రైతు, ఏ కల్లం అన్నది టిక్కీ మీదే రాసి ఉండాలి. వచ్చే ఏడాది మన సరుకంతా అంతే" అన్నారు. కల్లం అంటే కాయ ఎండబెట్టే చోటు, టిక్కీ అంటే మిర్చి తొక్కి నింపిన బస్తా. నాకు ఒళ్లు పులకరించింది. ఆ సాయంత్రమే బయలుదేరి మూడు రోజులపాటు ప్రత్తిపాడు, యడ్లపాడు వైపు ఊళ్లు తిరిగి, మాకు నేరుగా సరుకు ఇస్తే యార్డు ధరకన్నా ఎక్కువ ఇస్తామని రైతులకు మాట ఇచ్చి వచ్చాను. నాలుగో రోజు ఆఫీసుకు వెళ్లేసరికి పెద్దాయన మిరప నుంచి ఓలియోరెసిన్ (రంగు, ఘాటు ఉండే చిక్కటి సారం) తీసే ఫ్యాక్టరీ గురించి ఉత్సాహంగా మాట్లాడుతున్నారు. రైతులకు ఇస్తానన్న అదనపు ధరకు ఆ ఏడాది లెక్కల్లో చోటే లేదు. మాట వెనక్కి తీసుకోవడానికి మళ్లీ ఆ ఊళ్లకు వెళ్లినప్పుడు ఒక పెద్ద రైతు, "ఆ మాట నీదా బాబూ, మీ పెద్దాయనదా?" అని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. పెద్దాయన తప్పు చెప్పలేదు, అబద్ధమూ ఆడలేదు. ఆయన ఆలోచిస్తూ పైకి అన్న మాటను నేను ఉత్తర్వుగా తీసుకున్నాను.

ఆ సంస్థలో ముప్పై ఏళ్లుగా లెక్కలు రాస్తున్న గుమస్తా గారు ఆ రోజు నన్ను పక్కకు పిలిచి, "పెద్దాయన నడుస్తూ చెప్పింది ఆలోచన, కూర్చుని చెప్పింది పని. ఏది ఏదో తెలియకపోతే అడుగు" అన్నారు. అడగడం మనవాళ్లకు కష్టం. పెద్దవారు మాట్లాడుతుంటే "అలాగేనండి" అనడం మర్యాదగా పెరిగినవాళ్లం మనం. కానీ దార్శనికుడి దగ్గర ఆ మర్యాదే ఎక్కువ చేటు చేస్తుంది. ఆయన రోజుకు పది మాటలు చెబుతాడు. పదింటికీ తల ఊపినవాడు ఒక్కటీ పూర్తి చేయలేడు, ఏది పూర్తి కాలేదో చెప్పే ధైర్యమూ చేయలేడు.

అప్పటి నుంచి నేను ఒక అలవాటు చేసుకున్నాను. పెద్దాయన ఏదైనా కొత్త ఆలోచన చెప్పిన రోజు సాయంత్రం ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసి ఆయన బల్ల మీద పెట్టేవాణ్ణి: నాకు అర్థమైనది ఇది, ఈ సీజనులో చేయగలిగిన అతి చిన్న పని ఇది, దానికి అయ్యే ఖర్చు ఇంత, ఇది చేయాలంటే ఇప్పుడు నడుస్తున్న ఫలానా పని ఆపాలి. చివరిదే అన్నిటికన్నా ముఖ్యమైనది. చాలా కాగితాలు బల్ల మీదే ఉండిపోయాయి. రెండు రోజులు గడిచినా ఆయన ఆ కాగితం ఎత్తకపోతే అది నడుస్తూ చెప్పిన మాట అన్నమాట. కొన్నిటిని మాత్రం పట్టుకుని నా గదికి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చునేవారు.

కల్లం పేరు రాసిన టిక్కీ అలా కూర్చుని మాట్లాడిన పనుల్లో ఒకటయింది. సరుకంతా కాదు, 12 మంది రైతులతో మొదలుపెట్టాం. ఐరోపా దేశాలు మిరపలో అఫ్లటాక్సిన్ బి1 కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు దాటితే సరుకును రానివ్వవు. ఆ విషం బూజు నుంచి వస్తుంది, బూజు తేమ నుంచి వస్తుంది. అందుకని మట్టి నేల మీద కాకుండా పట్టాల మీద కాయ ఎండబెట్టించాం, రాత్రి మంచు పడకుండా కుప్ప చేసి కప్పించాం, రంగు పోయి తెల్లబారిన తాలు కాయను వేరు చేయించాం. అయినా రెండు కల్లాల సరుకు పరీక్షలో తప్పింది. నేను మళ్లీ ఆ ఊళ్లకు వెళ్లి చూస్తే కారణం కళ్లెదుటే కనబడింది. బాగా ఎండిన కాయ తొక్కి నింపేటప్పుడు పెళపెళా విరిగిపోతుంది, విరిగిన కాయకు ధర రాదు. అందుకని టిక్కీ కట్టే ముందు కుప్ప మీద నీళ్లు చల్లి, కాయ మెత్తబడ్డాక తొక్కుతారు. పదిహేను రోజులు ఎండలో తీసిన తేమను ఒక్క పూటలో తిరిగి లోపల పెట్టినట్టవుతుంది.

ఆ సంగతి ఆ రాత్రే ఫోన్ చేసి పెద్దాయనకు చెప్పాను, ఎందుకంటే మరునాడు ఆయన కొనుగోలుదారుతో మాట్లాడబోతున్నారు. రెండు కల్లాల సరుకు తప్పిందని మాత్రమే చెప్పి ఊరుకుంటే ఆయన కలను ఎగతాళి చేసినట్టు ఉండేది. ఎందుకు తప్పిందో, పది కల్లాల సరుకు ఎందుకు నిలిచిందో కలిపి చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే నీళ్లు చల్లకుండా టిక్కీ ఎలా కట్టాలో చూడండి. విరిగిన కాయ తూకం ఎంత తగ్గుతుందో ఆ డబ్బు మనం రైతుకు ఇద్దాం" అన్నారు. దార్శనికుడికి చెడ్డ వార్త చెప్పకూడదని అనుకునేవారికి నేను ఈ సంఘటనే చెబుతాను. ఆ వార్త వెంట తరువాతి అడుగు కూడా కనిపిస్తే దాన్ని అందరికన్నా ముందు అందుకునేది ఆయనే.

ఇలాంటి యజమానికి పగ్గం వేసేవాడు పక్కన ఉండాలని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. మా దగ్గరే అలాంటి అధికారి ఒకాయన ఉండేవారు. ఏ మాటకైనా "కుదరదండి" అనేవారు, నిజానికి చాలాసార్లు ఆయన లెక్కే సరైనది. రెండేళ్లు గడిచేసరికి పెద్దాయన ఆయనతో ఏదీ చెప్పడం మానేశారు. చెప్పకుండానే ఒక స్థలం కొన్నారు, అది నష్టం తెచ్చింది. కుదరదు అన్నవాడి కంటే ఇంత ఖర్చుతో, ఇంత కాలంలో, ఫలానాది వదులుకుంటే కుదురుతుంది అన్నవాడి మాటే ఆ గదిలో చెల్లుతుంది.

బ్యారేజీ మీద వెళ్తున్నప్పుడు నాకు తరచూ కెప్టెన్ ఛార్లెస్ ఓర్ గుర్తుకు వచ్చేవాడు. ఆర్థర్ కాటన్ పేరు కృష్ణా, గోదావరి జిల్లాల్లో తెలియనివారు లేరు. కానీ ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య 1852లో మొదలై 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్టను దగ్గరుండి కట్టించినవాడు ఓర్. ఆ ఆనకట్ట 1952లో తెగేదాకా దాదాపు నూరేళ్లు డెల్టాకు నీళ్లిచ్చింది. తరువాతే, 1957లో, ఇప్పటి బ్యారేజీ పూర్తయింది. కాటన్ అంతటితో ఆగలేదు. రైలు మార్గాలకన్నా పడవలు నడిచే కాలువలు మేలని, దేశంలోని నదులను అలా కలపాలని వాదించారు. అది ఆయన జీవితకాలంలో జరగలేదు. జరగనిదాన్ని చూసి ఆయన్ను తక్కువ చేయనక్కరలేదు. అంత పెద్ద ఊహలో నుంచి రెండు కొండల మధ్య కొలిచి కట్టగలిగినంత ముక్కను వేరు చేసి పూర్తి చేసినవాడికి మనం ఇచ్చిన చోటు చాలదని మాత్రం నా బాధ.

దీనికి ఒక హద్దు ఉంది. కాగితాలు ఎన్ని పెట్టినా ఖర్చు గడి వైపు చూడని యజమాని, కల పేరు చెప్పి హమాలీల కూలీనీ తొడిమలు తీసే ఆడవాళ్ల కూలీనీ నెలల తరబడి ఆపే యజమాని దార్శనికుడు కాడు. అక్కడి నుంచి మర్యాదగా బయటపడడమే మేలు. మా పెద్దాయన శనివారం కూలీ ఏనాడూ ఆపలేదు, అందుకే ఏడేళ్లు ఉండగలిగాను.

ఇక మన సంగతి. మన సభ్యులు కొందరు విజయవాడలో, గుంటూరులో సొంత యూనిట్లు పెట్టి, ఈ దేశం నుంచి ఫోన్ మీద నడుపుతున్నారు. మనకు తెల్లవారినప్పుడు వాళ్లకు రాత్రి. కాఫీ తాగుతూ, నడుస్తూ, మనసులో మెదిలిందల్లా అక్కడి మేనేజరుకు చెప్పేస్తాం. మనం నడుస్తున్నామో కూర్చున్నామో ఆ అబ్బాయికి కనిపించదు. కాబట్టి ఆ తేడా మన నోటితోనే చెప్పాలి: ఇది ఆలోచన మాత్రమే, ఇది రేపు మొదలుపెట్టవలసిన పని అని. "ఇది చేయాలంటే ఏది ఆపమంటారండీ?" అని అడిగే అవకాశం అతనికి ఇవ్వాలి, అడిగినప్పుడు మన గొంతు మారకూడదు. పోయిన నెలలో ఆ ప్రశ్న ఒక్కసారైనా వినబడి ఉండకపోతే, అతను ఇప్పటికే ఏదో ఊళ్లో ఒక రైతు అరుగు మీద కూర్చుని, మన తరఫున మాట ఇస్తూ ఉండవచ్చు.