సవరణ: కౌమార విభాగంలో 12 ఏళ్ల వారికీ చోటుంది

గ్రంథాలయాల్లో కౌమార వయస్కుల సేవల గురించి ఇదివరకు రాసిన టపాలో, ఇఫ్లా మార్గదర్శకాలు వాటిని 13 నుంచి 19 ఏళ్ల వారికే పరిమితం చేశాయని పేర్కొన్నాను, అది తప్పు. 'టీన్' అన్న మాటను పట్టుకుని, మూలం చూడకుండా రాశాను. గ్రంథాలయ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య అయిన ఇఫ్లా తన మార్గదర్శకాల్లో సాధారణంగా 12 నుంచి 18 ఏళ్ల వారిని సూచిస్తూనే, ఈ హద్దులు సంస్కృతిని బట్టి, దేశాన్ని బట్టి మారవచ్చు కనుక వయఃపరిమితిని ఆయా గ్రంథాలయాలే నిర్ణయించుకోవచ్చని చెప్పింది.

ఈ తేడా చిన్నదేమీ కాదు. ఆ టపా చదివిన ఒక తల్లి, పన్నెండేళ్ల తన కూతురిని పఠన బృందంలో చేర్పించడం వచ్చే ఏడాదికి వాయిదా వేసుకున్నానని రాశారు. పిల్లల గదిలో కుర్చీ చిన్నదైపోయి, పెద్దల అరల వైపు వెళ్లడానికి జంకు పుట్టేది సరిగ్గా ఆ వయసులోనే.

ప్రత్యేక విభాగం ఉన్నచోట కిశోరులు పెద్దల పుస్తకాలు తీసుకోరాదని కూడా కొందరు అర్థం చేసుకున్నారు. నా ఉద్దేశం అది కాదు. వయసుతో నిమిత్తం లేకుండా అందరికీ సేవలు సమానంగా అందాలని 1994 నాటి ఇఫ్లా–యునెస్కో ప్రజా గ్రంథాలయ ప్రకటన చెబుతోంది. 2022లో సవరించినప్పుడూ ఆ సూత్రం అలాగే నిలిచింది. హోంవర్కు సాయం, పుస్తక చర్చలు, కిశోరుల సలహా బృందం వంటివి అందుకు అదనంగా ఏర్పాటు చేసేవి.