ఆయా మీద ఐదుగురు ఆయాలు

బెజవాడలో పసిపిల్లల్ని చూసుకునే తీరిక ఎవరికీ లేకుండా పోయిందని కొందరు పెద్దలు వాపోతున్నారు. శుద్ధ అబద్ధం. పటమటలో ఏ అపార్ట్‌మెంట్‌కైనా వెళ్లి చూడండి. పిల్లను చూసుకోవడానికి ఒక ఆయా ఉంటుంది. ఆ ఆయాను చూడటానికి ఐదుగురు ఉంటారు. తల్లి ఆఫీసులో కూర్చుని, ఇంట్లో పెట్టిన కెమెరాలోంచి ఫోన్‌లో చూస్తుంది. తండ్రి హైదరాబాద్‌లో మీటింగు మధ్యలో చూస్తాడు. నాయనమ్మ గుడివాడ నుంచి, అమ్మమ్మ తెనాలి నుంచి చూస్తారు. వీళ్లిద్దరిలో ఎవరు ఎక్కువసేపు చూశారన్నది వేరే పంచాయితీ. రాత్రిపూట వీళ్లంతా నిద్రపోతే ఎలా అన్న బెంగ కూడా లేదు. కృష్ణా, గుంటూరు జిల్లాల వాళ్లకు అమెరికాలో ఒక మేనమామ ఉండకపోతాడా? మనకు అర్ధరాత్రి అంటే డాలస్‌లో మధ్యాహ్నం. లంచ్ బాక్సు తెరిచి ఆయన డ్యూటీ ఎక్కుతాడు. ఉమ్మడి కుటుంబాలు విచ్ఛిన్నమయ్యాయని ఏడ్చేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? రెండు వైపుల వాళ్లూ కలిసి, వంతులు వేసుకుని, ఒక మనిషిని కళ్లలో పెట్టుకుని చూసుకుంటున్నారు. ఇంత శ్రద్ధ ఆ ఇంటి పిల్లకు దక్కలేదు గానీ, ఆయాకు దక్కింది.

కెమెరా పెట్టడమే తప్పని నేననను. 2022 ఫిబ్రవరిలో సూరత్‌లో ఎనిమిది నెలల పసివాణ్ని ఆయా కొట్టిన దృశ్యం కెమెరాకు చిక్కింది. మెదడులో రక్తస్రావమై ఆ పిల్లవాడు ఆసుపత్రి పాలయ్యాడు. ఆ వార్త విన్న తల్లికి ఆఫీసులో చెయ్యి ఆడుతుందా? రెండు మూడు వేలు పెడితే గుండ్రంగా తిరిగేది, చీకట్లోనూ చూసేది, వినేది, తిరిగి మాట్లాడేది ఒకటి తెల్లగా బొద్దుగా ఇంటికి వచ్చేస్తుంది. కొనడంలో వింతేమీ లేదు. వింతంతా కొన్నాకే.

కెమెరాకు కదలిక ఒక్కటే తెలుసు. పిల్ల ఒళ్లో పడుకుంది. పక్క మీదికి మారిస్తే లేస్తుంది, లేస్తే మళ్లీ జోకొట్టడానికి గంట. అందుకని కాళ్లు తిమ్మిరెక్కినా ఆయా బొమ్మలా కదలకుండా కూర్చుంది. చంటిపిల్లను పెంచిన వాళ్లెవరైనా ఆ కూర్చోవడానికి దండం పెడతారు. ఫోన్‌లో మాత్రం అది గంట నుంచి ఖాళీగా కూర్చున్న మనిషి. వెంటనే బీరువా మీద నుంచి అశరీరవాణి: “ఏంటి, అలా కూర్చుండిపోయావ్? ఆరిన బట్టలు మడత పెట్టొచ్చుగా?” పిల్ల ఉలిక్కిపడి లేచి కేర్‌మంటుంది. అశరీరవాణి రెండో ప్రశ్న: “పాపనెందుకు ఏడిపిస్తున్నావ్?”

ఎవరూ కదలకపోయినా ఫోన్ మోగుతుంది. ట్యూబ్‌లైటు పురుగుల కోసం కాచుక్కూర్చునే బల్లి కెమెరా మీదుగా నడిచిందనుకోండి, గదిలో ఎవరో తిరుగుతున్నారని తల్లికి కబురు వెళ్తుంది. తల మీద పడితే ఏమిటి, భుజం మీద పడితే ఏమిటి అని పంచాంగంలో బల్లిపాటుకు పెద్ద పట్టికే ఉంది. కెమెరా మీద పడితే ఫలితం ఏమిటో ఏ సిద్ధాంతిగారూ రాయలేదు. సమాజ శ్రేయస్సు కోరి నేనే రాస్తున్నాను: యజమానురాలికి కార్యభంగం, ఆయాకు మాట పడుట.

దసరాకు ఇంకో ముచ్చట. పండక్కి వచ్చి, ఆయుధ పూజ నాడు స్కూటీకి, మిక్సీకి, ల్యాప్‌టాప్‌కి బొట్టు పెట్టిన నాయనమ్మ కెమెరాను మాత్రం ఎందుకు వదులుతుంది? ఆ ఇంట్లో అంతకు మించిన ఆయుధం లేదు. పెట్టడం సరిగ్గా కంటి మీదే పెట్టింది. రెండు రోజుల పాటు డాలస్‌కు ఇల్లంతా ఎర్రగా కనబడింది. ఆయా ఏదో చేసిందని మేనమామ తేల్చేశాడు.

ఇంద్రకీలాద్రి నీడన బతికేవాళ్లం, ఇంద్రుడికే వెయ్యి కళ్లుండగా మనింట్లో మూడు కెమెరాలు ఎక్కువా అని మా అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి వాదన. ఆ కళ్లు బహుమానంగా రాలేదండీ, గౌతముడి ఇంట్లో చేసిన నిర్వాకానికి శాపంగా వచ్చాయి అని రిటైరైన తెలుగు మాస్టారొకాయన ఏదో చెప్పబోయారు. మెయింటెనెన్స్ బకాయి గుర్తు చేసి ఆయన్ని కూర్చోబెట్టారు.

పెట్టిన రోజు చెప్పిన కారణం పాప భద్రత. నెల తిరిగేసరికి దొరికిన నేరాలు చూస్తే అందులో పాప ఊసే ఉండదు. ఆయా రెండోసారి అన్నం వడ్డించుకుంది. ఆవకాయ జాడీ మూత తీసింది. ఫ్యాను కింద రెండు నిమిషాలు ఊరికే నిలబడింది. అన్నిటికన్నా ఘోరం, పాప స్టీలు గ్లాసుతో మంచినీళ్లు తాగింది. ఆవిడ గ్లాసు వేరు, అది బాల్కనీ గట్టు మీద బోర్లించి ఉంటుంది. “అబ్బే, అలాంటి పట్టింపులు మాకు లేవండీ, శుభ్రత కోసం” అంటారు. నిజమే కావచ్చు. ఆ గ్లాసు పట్టుకున్న చేత్తోనే పెరుగన్నం కలిపి పాప నోట్లో పెడుతుంది. దానికి మాత్రం శుభ్రత అడ్డు రాదు.

ఇప్పుడు ఆవిడ ఫ్రిజ్‌కూ గోడకూ మధ్య సందులో నిలబడి తింటోంది. కెమెరా తల 355 డిగ్రీలు తిరుగుతుందని అట్టపెట్టె మీద రాసుంది. మిగిలిన 5 డిగ్రీల్లో ఆవిడ భోజనం.

ఆవిడ ఉండేది సింగ్‌నగర్. పొద్దున్నే సిటీ బస్సు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు, కండక్టరుకు ఆధార్ చూపిస్తే చాలు. ఆ తర్వాత గేటు దగ్గర రిజిస్టర్‌లో సంతకం, లిఫ్టులో ఒక కెమెరా, హాల్లో ఒకటి, పడగ్గదిలో ఒకటి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఆ పేట మునిగినప్పుడు డ్రోన్లతో అన్నం పొట్లాలు పంపారు. కన్ను ఉన్న యంత్రం ఆవిడ దగ్గరికి అన్నం తెచ్చింది ఆ ఒక్కసారే. ఇంట్లో అడుగుపెట్టగానే ఆవిడ ఫోన్ గుమ్మం పక్క బుట్టలో వేయాలి, ఫోన్ చూస్తే పిల్ల మీద ధ్యాస తప్పుతుందట. ఈ నిబంధనను తల్లి పొద్దస్తమానం తన ఫోన్‌లోంచే అమలు చేస్తుంది.

చట్టం ఏమంటుందని కొందరు ఆరా తీశారు. చట్టాలకేం, బోలెడు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణకు చట్టం చేశారు. సొంత అవసరానికో ఇంటి అవసరానికో ఎవరైనా చేసుకునే పనికి అది వర్తించదని అందులోనే రాశారు. అంటే ఆ నాలుగు గోడలూ ఇల్లు. 2013లో వచ్చిన లైంగిక వేధింపుల నిరోధక చట్టాన్ని అడగండి, ఇంట్లో పనిచేసే మనిషికి అవే నాలుగు గోడలూ పనిచేసే చోటు అంటుంది. రెండూ సబబే. కెమెరా పెట్టేటప్పుడు అది ఇల్లు. పొద్దున పది నిమిషాలు ఆలస్యమైతే ఆఫీసు. వారానికో సెలవు, జ్వరమొస్తే జీతం కోయకుండా ఒక పూట అడిగితే మళ్లీ ఇల్లు: “నువ్వు మా ఇంటి మనిషివే కదా!” ఇంటి పనివాళ్ల హక్కుల మీద 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడిక చేసినప్పుడు మన దేశం అనుకూలంగా ఓటేసింది. దాన్ని ఆమోదించడానికి మాత్రం ముహూర్తం కుదరలేదు. వీళ్లకో చట్టం కావాలేమో చూడమని, అందుకో కమిటీ వేయమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. ఈలోగా ఫ్రిజ్ పక్క సందు ఉండనే ఉంది.

గోప్యత విలువ మనవాళ్లకు తెలీదనుకునేరు. ఆదివారం ఆయాకు సెలవు. ఆ రోజు కెమెరాను గోడ వైపు తిప్పేస్తారు. ఎందుకండీ అని అడిగితే, “బాగుండదు కదండీ, ఇంట్లో మేం సవాలక్ష మాట్లాడుకుంటాం, నైటీల్లో తిరుగుతాం, ఎవరో చూస్తున్నట్టుంటే అన్నం కూడా సయించదు” అన్నారు. ఈ సంగతి ఇంత బాగా చెప్పిన వాళ్లను నేనింతవరకు చూడలేదు. అలాంటి ఓ ఆదివారమే పాప ఛార్జర్ వైరు నోట్లో పెట్టుకుని కూర్చుంది. చుట్టూ నలుగురున్నారు, నలుగురి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. రికార్డు లేదు కాబట్టి అది జరగలేదు.

అయితే ఆయాలు కూడా బెజవాడ వాళ్లే. మా అపార్ట్‌మెంట్‌లో కొత్తగా కుదరడానికి వచ్చినావిడ జీతం కంటే ముందు “ఎన్ని కెమెరాలున్నయ్యమ్మా?” అని అడిగింది. చూసి ఊరుకునేదైతే ఒక్కోదానికి నెలకు 500 అదనం. మాట్లాడేదైతే 1000. అమెరికా నుంచి చూసేవాళ్లుంటే నైట్ డ్యూటీ రేటు. సంఘం వాట్సాప్ గ్రూపులో దీని మీద మూడు రోజులుగా బేరం నడుస్తోంది. వంటగది కెమెరాలో వంటావిడ కూడా పడుతుంది కాబట్టి దానికి సగమే ఇస్తామంటున్నారు. మాట్లాడే దానికి 1000 దండగని, దాన్ని మూగ చేసే మీట కోసం తండ్రి వెతుకుతున్నాడు. గుడివాడ నాయనమ్మ ససేమిరా ఒప్పుకోవడం లేదు.