రాత్రంతా ఆ ఫ్యాన్ రొద

హాల్లో మూలన పెట్టిన 10 గిగాబిట్ స్విచ్ (ఇంట్లో కంప్యూటర్లను సెకనుకు 10 గిగాబిట్ల వేగంతో వైర్లతో కలిపే డబ్బా) రాత్రి పదకొండు దాటాక అసలు రూపం చూపిస్తుంది. లోపల అరచేతిలో సగం లేని రెండు ఫ్యాన్లు. సన్నగా, తెంపు లేకుండా ఒకటే కూత. పక్క గదిలో అమ్మకు నిద్ర పట్టదు. "ఆ డబ్బా ఆపెయ్యరా" అంటుంది. ఆపితే ఇంట్లో నెట్ పోతుంది.

సరేనని ఫ్యాన్ లేనిది కొన్నాను. చప్పుడు పోయింది, వేడి పట్టుకుంది. రాగి కేబుల్ కోసం అందులో గుచ్చే ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ మాడ్యూల్ అనే చిన్న ప్లగ్గు ఒక్కోటి 2, 3 వాట్లు తింటుంది. వేలు పెడితే చురుక్కుమంది. మే నెల మధ్యాహ్నం గదే ఉడికిపోతుంటే ఆ వేడి ఎటు పోవాలి? లింకు తెగడం, మళ్లీ రావడం, మళ్లీ తెగడం. అదే డాక్ కేబుల్ (రెండు చివర్లా ప్లగ్గు బిగించే వచ్చే పొట్టి రాగి కేబుల్) దాదాపు ఏమీ తినదు, వెలుగుతో నడిచే ఫైబర్ కేబుల్ మాడ్యూల్‌కి 1 వాట్ అటూఇటూ చాలు. ఈ ముక్క కొనేటప్పుడు ఒక్కరూ చెప్పరే! అట్టపెట్టె మీద స్పీడు మాత్రం ఇంతింత అక్షరాల్లో వేస్తారు. ఎంత మోగుతుందో, ఎంత కాలుతుందో కూడా వేస్తే ఏం పోయింది?

2.5 గిగాబిట్‌తో సరిపెట్టుకుంటే గోడలోని పాత క్యాట్ 5ఈ రకం రాగి నెట్ వైరే చాలు, ఫ్యాన్ లేని చిన్న స్విచ్చులూ దొరుకుతాయి. నాకు ఆ స్పీడు చాలదు. ఫైబర్ లాగుదామంటే పైపులో సందు లేదు, గోడ పగలగొట్టాలి.