దూరాన్ని 900తో భాగిస్తే విమానం ఎప్పుడు చేరుతుందో తెలియదు

“రెండు విమానాశ్రయాల మధ్య దూరాన్ని 900తో భాగించండి. టికెట్ మీద అంతకంటే గంట ఎక్కువే ఉంటుంది, అదనపు డబ్బుల కోసమే! పైగా విమానాన్ని తిన్నగా నడపకుండా వంకర తిప్పుతారు. భూమి నిజంగా తూర్పుకు తిరుగుతుంటే, పడమటికి వెళ్లే విమానం ముందు చేరాలి కదా?” ఈ మెసేజ్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది.

మొదటి మాటలో కాస్త నిజం ఉంది. సంస్థలు షెడ్యూల్లో కొన్ని నిమిషాలు కలుపుకుంటాయి. అది డబ్బు కోసం కాదు, ‘ఆలస్యం’ అనే మాట పడకుండా ఉండటానికి. టికెట్ ధరను గంటల లెక్కన కట్టరు. ఇక గంటకు 900 కిలోమీటర్ల వేగం పైకి వెళ్లాక వచ్చేది. టికెట్ మీద సమయం మాత్రం ఈ గేటు దగ్గర కదిలినప్పటి నుంచి ఆ గేటు దగ్గర ఆగేదాకా. రన్‌వే కోసం క్యూ, పైకి ఎక్కడం, కిందికి దిగడం, ఖాళీ దొరక్కపోతే గాల్లో చక్కర్లు, అన్నీ అందులోవే. చిన్న ప్రయాణాల్లో తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపించేది అందుకే.

వంకర సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. గ్లోబు మీద న్యూయార్క్ నుంచి టోక్యోకు దారం బిగించి చూడండి, అలాస్కా మీదుగా పోతుంది. బల్లపరుపు మ్యాపులో వంకరగా కనిపించేది అసలు దగ్గరి దారే.

అయితే దగ్గరి దారిలోనే వెళ్తారన్న గ్యారంటీ కూడా లేదు. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు నుంచి పసిఫిక్ వైపుకు మార్చింది. దూరం సుమారు 13,900 కిలోమీటర్ల నుంచి 15,300కు పెరిగింది, ప్రయాణ సమయం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గింది! ఎదురుగాలి పోయి వెనక నుంచి తోసే గాలి దొరికింది మరి. ఒక్కోసారి దారే మూసేస్తారు. 2022లో యూరప్ విమాన సంస్థలకు రష్యా గగనతలం మూతపడ్డాక హెల్సింకి–టోక్యో ప్రయాణం తొమ్మిదిన్నర గంటల నుంచి 13 గంటలకు చేరింది.

చివరిది భూమి తిరగడం. భూమితో పాటు గాలీ తిరుగుతుంది, రన్‌వే మీదున్న విమానమూ తిరుగుతుంది. ఎగరగానే ఆ వేగం ఎక్కడికీ పోదు. పైగా ఉత్తర అట్లాంటిక్ మీద జరిగేది మెసేజ్ చెప్పినదానికి సరిగ్గా తలకిందులు: తూర్పుకే త్వరగా చేరుతారు. పడమర నుంచి తూర్పుకు చాలా ఎత్తులో జోరుగా వీచే గాలి, అదే జెట్ స్ట్రీమ్, వెనక నుంచి తోస్తుంది కాబట్టి. (ఆ గాలి అటే వీచడానికి భూభ్రమణమూ ఒక కారణం, అది వేరే సంగతి.) న్యూయార్క్–లండన్ దూరం సుమారు 5,540 కిలోమీటర్లు. మెసేజ్ లెక్కన ఆరు గంటల పైమాటే. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలుల పుణ్యమా అని బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 ఒకటి 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. నేల లెక్కలో దాని వేగం గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. ధ్వని వేగాన్ని మించిందని కొందరు రాసేశారు కానీ, చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే అది మామూలు వేగమే.

భూమి తిరిగే వేగం నిన్నా ఇవాళా ఒకటే. అదే కారణమైతే, ఒకే రూటులో ఒకే రకం విమానానికి ఇవాళ ఆరున్నర గంటలు, రేపు ఏడు గంటలు ఎందుకు పడుతున్నాయో ఆ మెసేజ్ రాసినవాళ్లే చెప్పాలి.