ఆ మట్టి జంతువు ఈజిప్టుది కాదు

మహారాష్ట్రలోని మా సిరోంచ గ్రూపుల్లో పది రోజులుగా ఒకటే ఫార్వర్డ్. జంతువు ఆకారంలో, పొట్టి కాళ్లతో ఉన్న మట్టి శవపేటిక ఫొటో. ‘గోదావరి ఒడ్డున తవ్వితే బయటపడింది. 5000 ఏళ్ల నాటి ఈజిప్టు పేటిక. ఇంత పనితనం మనవాళ్లకెక్కడిది?’ అని కింద రాత. ఆ చివరి మాటే నన్ను గుచ్చుతోంది.

ముందు చోటు సంగతి. ఆ పేటిక దొరికింది కడప జిల్లా శంకవరంలో. ఇప్పుడున్నది చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో. మన గోదావరికీ దానికీ సంబంధం లేదు.

ఇక ఈజిప్టు. అక్కడ శవం చెడిపోకుండా మందులు పూసి, గుడ్డ చుట్టి, మనిషిని మనిషిలాగే పడుకోబెట్టేవారు. దక్షిణాదిలో ఇలాంటి మట్టి తొట్లలో చాలావరకు దొరికేవి, శవం శిథిలమయ్యాక ఏరి పెట్టిన ఎముకలు. మా తాత పోయినప్పుడు మూడో రోజు మా నాన్న బూడిదలోంచి ఎముకలు ఏరి, పాలతో కడిగి, కొత్త ముంతలో వేసి, మూతికి పసుపు గుడ్డ కట్టాడు. ప్రాణహిత సంగమం దాకా ఆ ముంత నా ఒళ్లోనే ఉంది. ఎంత తేలికో! రెండూ ఒకే ఆచారమని నేననను. కానీ అయినవాళ్ల ఎముకలకు మట్టిపాత్ర చేసివ్వడం ఎవరో నైలు నది నుంచి వచ్చి నేర్పాలా?

5000 ఏళ్లన్నదీ నిలవదు. ఇలాంటి పేటికలు దొరికేది ఇనుము వాడిన బృహత్ శిలాయుగపు సమాధుల్లో, అంటే పెద్ద రాళ్లు పేర్చి కట్టినవాటిలో. పండితులు మామూలుగా క్రీ.పూ. 1000 తర్వాతి కాలానికే వీటిని లెక్కకడతారు.

పనితనం అంటారా, ఆ సమాధుల్లోని కుండలే చూడండి. లోపలా, మూతి దగ్గరా నలుపు, కింద ఎరుపు. రంగు పూసింది కాదు. కుండలు కాల్చే ఆవంలో గాలి ఆడని వైపు నల్లబడుతుంది, ఆడిన వైపు ఎర్రబడుతుంది. ఒకే కుండ మీద రెండూ కుదరాలంటే కుమ్మరికి మంట మీద ఎంత పట్టుండాలి! ఇవే నలుపు-ఎరుపు కుండలు మన విదర్భలో, నాగపూర్ దగ్గరి మాహుర్‌ఝరీలోనూ దొరికాయి. విదర్భలోనే ఉన్న నాయికుండ్‌లో అయితే ఇనుము కరిగించిన కొలిమే బయటపడింది.

ఆ మాహుర్‌ఝరీలో, చుట్టూ రాళ్లు పేర్చిన సమాధుల్లో మట్టి జంతువు లేదు. మనిషితో పాటు నిజం గుర్రాన్నే పూడ్చారు, ముఖానికి రాగి నగలు పెట్టి మరీ.