సవరణ: ఎన్‌ఎఫ్‌ఎస్‌లో పేరు, అంకె
బెంగళూరులో మా ఆఫీసు సర్వర్ల గురించి రాసిన గత టపాలో, ఎన్‌ఎఫ్‌ఎస్ 4కు (నెట్‌వర్కు మీదుగా ఫైళ్లు పంచుకునే పద్ధతి) సర్వర్, క్లయింటు రెండు యంత్రాల్లోనూ ఐడీమ్యాప్‌డీ (వాడుకరుల పేర్లను, అంకెలను జతపరిచే ప్రోగ్రాము) డొమైన్ ఒకటే ఉంటే, యూఐడీలు (వాడుకరులకు యంత్రం ఇచ్చే అంకెలు) వేరైనా అనుమతులు సరిగ్గా పనిచేస్తాయని రాశాను, అది తప్పు. ఆ మ్యాపింగు యజమాని పేరు చూపడానికి, మార్చడానికి, ఏసీఎల్‌లో (ఎవరికి ఏ అనుమతులో చెప్పే జాబితా) పేర్లు రాయడానికి మాత్రమే పనికొస్తుంది. కెర్బెరోస్ (వాడుకరి ఎవరో రుజువు చేసే భద్రతా పద్ధతి) లేని మామూలు సిస్ పద్ధతిలో ప్రతి అభ్యర్థనతోనూ క్లయింటు పంపేది అంకెల యూఐడీనే కనుక, సర్వర్, ఉదాహరణకు, 1001 అన్న అంకెను చూసి, తన దగ్గర అది ఎవరిదైతే వారి హక్కులే ఇస్తుంది. ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ ఆదేశంలో పేరు సరిగ్గా కనిపించడమే నన్ను మోసగించింది. (కొత్త లినక్స్ కెర్నెళ్లలో ఈ పద్ధతికి ఆ మ్యాపింగు ముందే ఆపి ఉంటుంది, పట్టుబట్టి ఆన్ చేసింది మేమే.) కాబట్టి అంకెలను రెండువైపులా ఒకటిగా ఉంచాలి, లేదా కెర్బెరోస్‌కు మారాలి. సిస్ పద్ధతిలో ఒక వాడుకరి అనుబంధ గ్రూపులు (ప్రధాన గ్రూపు కాక మిగిలినవి) సర్వర్‌కు 16కు మించి వెళ్లవన్న సంగతి కూడా అప్పుడు వదిలేశాను.